లీ బాయ్, దు ఫు, వాంగ్ వే, బాయ్ జుయి: వీళ్లను ఏ కొలతతో పోల్చాలి?

ఓరుగల్లు చదువరి (ప్రశ్న)

వచ్చే నెల హనుమకొండలో ఒక సాహితీ సమావేశంలో ప్రాచీన చైనా కవుల మీద 40 నిమిషాలు మాట్లాడాలి. వినేవాళ్లలో సగం మంది పద్యం అల్లగలిగినవాళ్లే. యతి తప్పితే అక్కడికక్కడే పట్టుకుంటారు. "మహాకవి, ప్రకృతి ఆరాధకుడు" లాంటి మాటలతో ఆ సభలో గట్టెక్కలేం.

నాకు చైనీస్ రాదు, చేతిలో ఉన్నవి ఇంగ్లిష్ అనువాదాలే. నా సందేహాలు ఇవీ. ఒకరు ఇంకొకరికంటే దేనిలో మిన్న అని ఏ ఆధారంతో చెప్పాలి? ఎవరు ఎన్ని కవితలు రాశారన్న లెక్క పనికొస్తుందా? ఇంగ్లిష్‌లో చదువుతుంటే నాకు బాయ్ జుయి అందరికంటే బాగున్నాడు, దు ఫు చప్పగా ఉన్నాడు. చైనా వాళ్లేమో దు ఫుకే పెద్దపీట వేస్తారు. తేడా ఎక్కడొచ్చింది? ఆఖరిది, వాళ్ల ఛందస్సును మన యతిప్రాసలతో పోల్చి చెప్పొచ్చా?

చెరువు గట్టు

దు ఫు ఎందుకు చప్పగా ఉన్నాడన్న మీ సందేహంలోనే ఉపన్యాసం మొత్తం ఉంది సార్. అనువాదమనే జల్లెడలో ఒక్కో కవి నుంచి ఒక్కోటి జారిపోతుంది. దు ఫు పనితనమంతా సరిగ్గా జారిపోయే చోటే ఉంది.

ముందు ఛందస్సు. తాంగ్ కాలంలో (618–907) స్థిరపడిన నియమ పద్యాన్ని లూషి అంటారు. ఎనిమిది పాదాలు, పాదానికి 5 లేదా 7 అక్షరాలు. ఒక్కో లిపి అక్షరం ఒక్కో మాట, పలకడానికి ఒకే మాత్రలాంటి తునక. అంటే మొత్తం పద్యం 40 లేదా 56 అక్షరాలు. అందులో సగం కొలత జుయేజు: నాలుగు పాదాలు, 20 లేదా 28 అక్షరాలు. మీ సభలో ఇలా మొదలుపెట్టండి: మన ఉత్పలమాలలో ఒక్క పాదానికి 20 అక్షరాలు, వాళ్లకు ఆ ఇరవైలో కవిత పూర్తయిపోతుంది. పద్యం వచ్చినవాళ్లకు ఇంతకంటే వేరే పరిచయం అక్కర్లేదు.

లూషి నియమాలు నాలుగు గుర్తుంటే చాలు. అయిదక్షరాల పాదం 2+3గా విరుగుతుంది, ఏడక్షరాలది 4+3గా. సరి పాదాల చివర అంత్యప్రాస ఉండాలి, పద్యం పొడుగునా అదే ప్రాస నడవాలి. అక్షరాల స్వరాలు రెండు జాతులు: సాగదీసి సమంగా పలికేవి, ఒంపు తిరిగేవి లేదా ఠక్కున తెగేవి. వీటిని సమ, వక్ర అనుకుందాం. పాదంలో 2, 4, 6 స్థానాల్లో ఇవి మారి మారి రావాలి, జంట పాదాల్లో ఒకదానికొకటి ఎదురు పడాలి. ఇక అసలు కష్టం నాలుగోది. మూడు-నాలుగు పాదాలు ఒక జోడు, అయిదు-ఆరు పాదాలు ఇంకో జోడు. ఆ జోళ్లలో నామవాచకానికి ఎదురుగా నామవాచకం, క్రియకు క్రియ, అంకెకు అంకె నిలబడాలి.

ఇప్పుడు దు ఫు (712–770) 757లో రాసిన "వసంత దృశ్యం" చూడండి. ఆన్ లుషాన్ తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న రాజధాని చాంగాన్‌లో ఇరుక్కుపోయి రాసింది. మాటకు మాట పెడితే ఇలా ఉంటుంది:

దేశం – విరుగు – కొండ – ఏరు – ఉండు
నగరం – వసంతం – గడ్డి – చెట్టు – దట్టం
తలచు – కాలం – పువ్వు – చిందు – కన్నీరు
నొచ్చు – ఎడబాటు – పిట్ట – ఉలికించు – గుండె
సంకేతపు – మంట – వరసగా – మూడు – నెలలు
ఇంటి – ఉత్తరం – విలువ – పదివేల – బంగారం
తెల్ల – తల – గోకు – ఇంకా – పొట్టి
ఇక – కాబోతూ – ఆపలేదు – నిలువ – జడసూది

(చివరి పాదం మాటకు మాట కుదరదు. జుట్టు ఎంత పల్చబడిందంటే ముడికి గుచ్చే సూది కూడా నిలిచేలా లేదని భావం.)

మూడు, నాలుగు పాదాలను నిలువుగా చదవండి. తలచు/నొచ్చు, కాలం/ఎడబాటు, పువ్వు/పిట్ట, చిందు/ఉలికించు, కన్నీరు/గుండె. అయిదు, ఆరు పాదాల్లో సంకేతపు మంటకు ఇంటి ఉత్తరం, మూడుకు పదివేలు. ఒకవైపు యుద్ధం, ఒకవైపు ఇల్లు తక్కెడలో తూగుతున్నాయి. ఆ బరువు ఏ మాటలోనూ లేదు, మాటలు నిలబడిన చోటులో ఉంది. స్వరాలు చూస్తే మొదటి పాదం వ వ స స వ, రెండోది స స వ వ స. అచ్చంగా అద్దంలో నీడ.

ప్రాస సంగతి. సరి పాదాల చివరి నాలుగు మాటలను నేటి మాండరిన్‌లో షెన్, శిన్, జిన్, జాన్ అంటారు. నాలుగోది ప్రాస తప్పినట్టు అనిపిస్తుంది. దు ఫు నాటి పలుకుబడిలో ఆ నాలుగూ "ఇమ్" చప్పుడుతో ముగిసేవి. ఉత్తరాది మాటలో ఆ మకారం పోయి నకారమైంది. కాంటనీస్‌లో ఇప్పటికీ సమ్, సమ్, కమ్ అనే పలుకుతారు. పాదం చివర సున్నా మోగడమేమిటో తెలుగువాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. యూట్యూబ్‌లో మాండరిన్ పఠనం విని "ప్రాస సరిగా లేదే" అని తీర్పు చెప్పేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇదంతా ఇంగ్లిష్‌లోకి వెళ్తే ఏం మిగులుతుంది? దేశం పాడైంది, పూలున్నాయి, పిట్టలున్నాయి, జుట్టు నెరిసింది. చప్పగా ఉందంటే ఉండదా మరి.

లెక్కల విషయం. మిగిలి ఉన్నవి బాయ్ జుయివి దాదాపు 2,800, దు ఫువి దాదాపు 1,400, లీ బాయ్‌వి దాదాపు 1,000, వాంగ్ వేవి దాదాపు 400. వీటిని పక్కపక్కన పెట్టి ఏమీ తేల్చకండి. బాయ్ జుయి తన రచనలను తానే సరిచేసి, నకళ్లు రాయించి, బౌద్ధాలయాల్లో భద్రపరిచాడు. 845 నాటికి 75 సంపుటాలు, అయిదు ప్రతులు: మూడు గుళ్లలో, రెండు ఇంటివాళ్ల దగ్గర. లీ బాయ్ విషయంలో 762లో ఆయన బంధువు లీ యాంగ్‌బింగ్ రాసిన ముందుమాట ప్రకారం పదింట తొమ్మిది వంతులు అప్పటికే పోయాయి. కాబట్టి ఈ అంకెలు ఎవరెంత రాశారో చెప్పవు, ఎవరెంత దాచుకున్నారో చెప్తాయి. తాంగ్ తర్వాతి సోంగ్ కాలపు కవి లు యూవి 9,000 పైచిలుకు మిగిలాయి. ఆ లెక్కన ఆయన్ని అందరి నెత్తిన ఎవరూ కూర్చోబెట్టలేదు.

గోదావరిఖని బొగ్గు

గట్టన్న చెప్పింది మంచిగున్నది. కానీ దాంట్ల ఒక ఇరుకు ఉన్నది. దు ఫు అనువాదంల పోతడు కాబట్టి గొప్పోడు, బాయ్ జుయి అనువాదంల నిలుస్తడు కాబట్టి తేలిక అని వినేటోళ్లు అనుకుంటరు. గట్ల కాదు. బాయ్ జుయి (772–846) పనితనం జోడు పాదాలల్ల ఉండదు, ఏ వస్తువు ఎప్పుడు చూపెట్టాలె అన్నకాడ ఉంటది.

"బొగ్గులమ్మే ముసలాయన" తీసుకోండ్రి. (మన సింగరేణి బొగ్గు కాదు, అడవిల కట్టెలు కాల్చి చేసే కట్టెబొగ్గు.) మొఖమంత దుమ్ము, పొగ రంగు. కణతల కాడ వెంట్రుకలు నెరిసినయి, పది వేళ్లు నల్లగైనయి. ఒంటి మీద పల్చటి బట్ట. అయినా బొగ్గు ధర పడిపోతదేమోనని గుబులు, ఇంకింత చలి పెట్టాలె అని కోరుకుంటడు. ఆ ఒక్క పాదంల ఆర్థికశాస్త్రం మొత్తం ఉన్నది. రాత్రి అడుగు మందం మంచు పడ్డది, ఆయన కోరుకున్నట్టే. పొద్దుగాల బండి కట్టుకొని అంగడికి పోతే రాజుగారి మనుషులు ఇద్దరు గుర్రాల మీద వస్తరు. ఒకడు పసుపు బట్టలోడు, ఒకడు తెల్ల అంగీ పోరడు. కాయితం చూపెట్టి బండి మలుపుకొని పోతరు. వెయ్యి జిన్‌లకు (అక్కడి తూకం) పైన బొగ్గు. దానికి ఇచ్చింది సగం తాను ఎర్ర పల్చబట్ట, ఒక జాంగ్ (అక్కడి పొడవు కొలత) పట్టు. ఎద్దు తలకు కట్టి, ఇదే నీ పైకం అన్నరు. కవిత అక్కడనే ఆగిపోతది.

ఆగిపోవుడే అసలు ముచ్చట. ఇది 809ల రాసిన "కొత్త యూఫు" (యూఫు అంటే పాత పాటల తరహా పద్యం) 50 కవితలల్ల ఒకటి. ఆ యాభైకి ముందుమాటల బాయ్ జుయి తనే ఒక పద్ధతి పెట్టుకున్నడు: మొదటి పాదంల విషయం చెప్పాలె, చివర్ల ఉద్దేశం బయట పెట్టాలె. ఈ కవితల ఆ రెండోది కావాలనే చెయ్యలే. పేరు కింద "ప్రాసాదపు కొనుగోళ్ల బాధ" అని చిన్న మాట ఉన్నది, అంతే. లోపల ఒక్క తిట్టు లేదు, ఒక్క అయ్యో లేదు. తన సూత్రం తనే మీరినకాడ తన బెస్ట్ కవిత వచ్చింది. అదే సంకలనంల సూత్రం పాటించిన కవితలు నాలుగు పక్కన పెట్టి చదవండ్రి, చివరి పాదాలు నీతి బోర్డు లెక్క ఉంటయి.

ఇంకో సంగతి. పోలికలు పెట్టుడు మనం కొత్తగ చేసేది కాదు, వాళ్లే చేసుకున్నరు. 815ల బాయ్ జుయి దోస్తు యువాన్ జెన్‌కు పెద్ద ఉత్తరం రాసిండు. తన కవితలను నాలుగు రకాలు చేసిండు: విమర్శ, తీరుబడి, దుఃఖం, మిగిలిన నియమ పద్యాలు. దు ఫువి వెయ్యికి పైన ఉన్నా, జనం బాధ చెప్పినయి ముప్పై నలభైకి మించవు అన్నడు. జనం నన్ను మెచ్చేది "నిత్య శోకగీతం" (806, 120 పాదాలు, 840 అక్షరాలు), నియమ పద్యాల కోసం, నేను తక్కువ చూసేది గవే అని కూడ అన్నడు. అంటే ఆయన కొలత వేరే. ఆ కొలతతోని చూస్తే దు ఫుకే మార్కులు తక్కువ పడ్డయి! 813ల దు ఫు సమాధి శాసనం రాసిన యువాన్ జెన్ మాత్రం నియమ పద్యం కొలత పట్టుకొని లీ బాయ్ కంటే దు ఫును పైకెత్తిండు. ఎవరు గొప్ప అనే ముందు ఎవరి తక్కెడ అని అడగాలె.

ముసలమ్మకు చదివి వినిపించి, ఆమెకు తెల్వని మాట కొట్టేసేటోడు అన్న కథ చెప్పకండ్రి. అది తర్వాతి కాలం కట్టుకథల పుస్తకాలల్ల వచ్చింది. లీ బాయ్ తాగి, నీళ్లల్ల చందమామను పట్టుకోబోయి మునిగిండు అన్నది కూడ గట్లాంటిదే. 762ల దాంగ్‌తూ కాడ జబ్బుపడ్డడని లీ యాంగ్‌బింగ్ ముందుమాటలనే ఉన్నది.

ఓరుగల్లు చదువరి

ఇద్దరికీ కృతజ్ఞతలు. జోడు పాదాల పట్టిక బోర్డు మీద రాసి చూపిస్తాను. లీ బాయ్‌ని ఎక్కడ పెట్టాలి? "నియమాలు తెంచుకున్న వచన కవి" అనుకోవచ్చా? సమ-వక్రాలను గురు-లఘువులు అని చెప్తే తప్పా?

రామప్ప ఇటుక

వచన కవి అనకండి, అక్కడే దొరికిపోతారు. లీ బాయ్ (701–762) రాసింది ఎక్కువగా పాత ఛందాల్లో: యూఫు అనే పాత పాటల పేర్లతో, పాత పద్ధతి షి అనే మామూలు పద్యాల్లో. వాటికి స్వర నియమం లేదు, పాదం పొడవు మారొచ్చు, ప్రాస మధ్యలో మార్చుకోవచ్చు. నియమం లేకపోవడం కాదది, వేరే నియమం. "షు దారి కష్టం" చూడండి (షు అంటే నేటి సిచువాన్ ప్రాంతం). మూడు ఆశ్చర్యార్థకాలతో మొదలై పొట్టి పాదం, పొడుగు పాదం ఎక్కుతూ దిగుతూ పోతుంది. "షు దారి కష్టం, నీలాకాశం ఎక్కడంకంటే కష్టం" అన్న పల్లవి మొదట, నడుమ, చివర మూడుసార్లు వస్తుంది. ఆ పల్లవి తీసేసి చదివితే కవిత కుప్పకూలుతుంది. కొండదారి ఒడిదుడుకులు పాదాల పొడవులోనే వినిపించడం ఆయన చేసిన పని. 5 లేదా 7 అక్షరాల చట్రంలో అది కుదరదు.

ఏడక్షరాల జుయేజులో కూడా ఆయనది అందెవేసిన చెయ్యి. 759లో ప్రవాసశిక్ష రద్దయి వెనక్కి వస్తూ రాసిన బాయ్‌దీ నగరం కవితలో 28 అక్షరాలే. పొద్దున రంగు మబ్బుల మధ్య బయల్దేరడం, వెయ్యి లీల (లీ అంటే అక్కడి దూరపు కొలత) దూరం ఒక్క రోజులో, రెండు దరులా కోతుల అరుపు ఆగకముందే తేలిక పడవ పదివేల కొండలు దాటేసింది. శిక్ష అన్న మాట లేదు, విడుదల అన్న మాట లేదు. ఉన్నదంతా పడవ వేగమే. కానీ ఏడక్షరాల లూషి దగ్గరకు వస్తే లీ బాయ్‌వి చాలా కొద్ది, దు ఫువి వందకు పైన. కాబట్టి కవిని కవితో కాకుండా, ఒకే ఛందంలో పద్యాన్ని పద్యంతో పోల్చండి. ఏడక్షరాల లూషిలో దు ఫుకు సాటి లేదు. 767లో క్వేజౌలో రాసిన "ఎత్తుకు ఎక్కి" పద్యంలో నియమం అడిగింది రెండు జోళ్లే అయినా నాలుగూ జోళ్లే కట్టాడు. జుయేజులో, పాత యూఫులో లీ బాయ్ ముందు నిలుస్తాడు. ఇద్దరూ కలిసింది 744లో. దు ఫు ఆయన మీద పదికి పైగా కవితలు రాశాడు. అటునుంచి వచ్చినవి కొద్ది.

గురు-లఘువుల పోలిక సగం వరకు పనికొస్తుంది. రెండూ రెండు గుర్తులతో నడిచే లెక్కలే. తేడాలు మాత్రం చెప్పి తీరాలి. గురు-లఘువు పలికే నిడివి, సమ-వక్రం పలికే శ్రుతి. మన వృత్తంలో నాలుగు పాదాలకూ ఒకే గణాల వరస, వాళ్లకు రెండో పాదం మొదటి దానికి తలకిందులు. యతి అనొద్దు. వాళ్ల విరామం దగ్గర ఊపిరి ఆగుతుంది, అక్షర మైత్రి ఉండదు. మన ప్రాస పాదంలో రెండో అక్షరం మీద, వాళ్లది పాదం చివర. మాటకు మాట జోడు కట్టే నియమానికి మన ఛందస్సులో సరిసమానం లేదు. సీసంలో ఒక పాదం తూకం ఇంకో పాదంలో వినిపించడం దానికి కాస్త దగ్గర, అదీ అలవాటే కానీ నియమం కాదు.

ఇక వాంగ్ వే. మీరు తెలుగులో చెప్పబోతున్నారు కాబట్టి ఈ కవి దగ్గర మీకు ఇంగ్లిష్ వాళ్లకు లేని సౌకర్యం ఉంది. "జింకల దొడ్డి" 20 అక్షరాల కవిత:

ఖాళీ కొండ, ఎవరూ కనబడరు
మాటల సవ్వడి మాత్రం వినబడుతుంది
వెనుదిరిగిన వెలుగు లోతు అడవిలో దూరి
మళ్లీ పచ్చటి నాచు మీద

మూలంలో "నేను" లేదు. చూసేవాడెవడో చెప్పదు. ఇంగ్లిష్ వాక్యానికి కర్త కావాలి కాబట్టి "నేను ఎవరినీ చూడను" అని మనిషిని పట్టుకొచ్చి కొండ మీద నిలబెడతారు. కొండ ఇక ఖాళీ ఎలా అవుతుంది? మనకు కనబడు, వినబడు ఉన్నాయి, చూసేవాడు లేకుండానే చూపు ఉంటుంది. కానీ మామూలు క్రియ వాడారో, తెలుగు ఇంగ్లిష్ కంటే పెద్ద చిక్కు పెడుతుంది. చూశాను, చూశాడు, చూసింది అని క్రియ తోకలోనే మనిషీ లింగమూ అతుక్కుని ఉంటాయి. అందుకని -తే, -ఇ, -గా రూపాలు వాడి, ముగింపు క్రియ వీలైనంత మానేయండి. లీ బాయ్ "నిశ్శబ్ద రాత్రి తలపు" చివర "తలెత్తితే చందమామ, తల దించితే సొంతూరు" అంటే చాలు, ఎవరు ఎత్తారో చెప్పే పని లేదు. పైన దు ఫు పద్యంలో మూడో పాదం కూడా అంతే. పూలను చూసి కవి ఏడ్చాడా, పూలే ఏడ్చాయా అని అక్కడి పండితులు రెండు రకాలుగానూ చెప్తారు. "కాలం తలపుకొస్తే పువ్వు మీద కన్నీటి చిందు" అంటే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

ఒక జాగ్రత్త. "జింకల దొడ్డి"ని నియమ జుయేజుకు ఉదాహరణగా చూపకండి. దాని ప్రాస పదాలు రెండూ వక్ర స్వరాలవి, కాబట్టి అది పాత పద్ధతి నాలుగు పాదాల పద్యం. 20 అక్షరాలు కనబడగానే నియమ పద్యం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇంకోటి, అది ఒంటరి కవిత కాదు. వాంగ్‌చువాన్ లోయలో ఇరవై చోట్ల మీద ఇరవై రాశాడు, మిత్రుడు పే దీ అవే చోట్ల మీద ఇంకో ఇరవై. ఒకే చోటు, ఇద్దరు కవులు, ఒకే కొలత. పోల్చి చూపడానికి ఇంతకంటే శుభ్రమైన సామగ్రి చైనా కవిత్వంలో దొరకదు.

వేయి స్తంభాల నీడ

చైనా కవులంటే సోంగ్ కాలపు సు షి పేరూ గుర్తొస్తుంది. కానీ శీర్షికలో ఆయన లేడు, చివర్లో ఇరికించకండి. ఆయన (1037–1101) మూడొందల ఏళ్ల తర్వాతివాడు. ఆయన పేరు ఎక్కువగా నిలిచిన త్సి అనే ప్రక్రియ వేరు. త్సి అంటే ఉన్న వరసకు మాటలు కట్టడం. వరస పేరే కవిత పేరు, దానికీ విషయానికీ సంబంధం ఉండక్కర్లేదు. వరసలు 800కు పైగా ఉన్నాయి, సంగీతం దాదాపుగా పోయింది, చట్రాలు మిగిలాయి. మన వైపు బతుకమ్మ ఆటలో ఒకే ఉయ్యాల వరసకు ఏ కథైనా పాడినట్టు అనుకోండి. కాకపోతే బతుకమ్మ పాటలో ఓ మాట సాగదీయొచ్చు, త్సిలో ఒక్క అక్షరం ఎక్కువైనా చెల్లదు.

ఆయన సాధించింది చూపాలంటే ఒక్క వరస చాలు. జియాంగ్‌చెంగ్‌జు, 70 అక్షరాలు. 1075లో ఆ వరసలో పదేళ్ల కింద పోయిన భార్య కలలోకి వచ్చిన సంగతి రాశాడు. అదే ఏడు, అదే వరసలో మీజౌలో వేటకు పోయిన సంగతీ రాశాడు. విందు పాటలకు, విరహానికి వాడుకుంటున్న ప్రక్రియలో ఈ రెండు చివరలూ పట్టేలా చేశాడు. దానికి ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు. కవయిత్రి లీ చింగ్‌జావ్ (1084లో పుట్టింది) త్సి మీద రాసిన వ్యాసంలో సు షివి పాటలే కావు, పాదాలు పొడవూ పొట్టీ చేసిన షి పద్యాలు అంది. సంగీతం తెలిసిన మనిషి మాట అది, తీసిపారేయలేం.

తెలుగు సభలో ఆమె గురించి రెండు నిమిషాలు దొరికితే "షెంగ్‌షెంగ్‌మాన్" మొదలు వినిపించండి. ఏడు మాటలు, ఒక్కోటి రెండేసి సార్లు, మొత్తం 14 అక్షరాలు: వెతకడం, వెతకడం, చల్లగా చల్లగా, బావురుమంటూ... ఇంగ్లిష్‌లో ఆ రెట్టింపు నత్తిలా ఉంటుంది. ఆమ్రేడితం మనకు ఇంటి సొత్తు కాబట్టి చెవికి పట్టేస్తుంది.

చెరువు గట్టు

బొగ్గు గారు చెప్పిన మాట ఒప్పుకుంటున్నాను, తక్కెడ ఎవరిదన్నదే ముందు చెప్పాలి. దానికి తోడు ఇంకో రెండు. ఆరో శతాబ్దిలో జోంగ్ రోంగ్ కవులను మూడు తరగతులుగా విడగొట్టి తావ్ యువాన్‌మింగ్‌ను నడిమి తరగతిలో, ఛావ్ ఛావ్‌ను కింది తరగతిలో వేశాడు. ఇప్పుడు తావ్‌ను నడిమివాడంటే నవ్వుతారు. ఎందుకలా వేశాడంటే ఆ కాలం నగిషీకి మార్కులు వేసేది, తావ్ మాట సాదా. 753లో వచ్చిన ఒక పేరున్న సంకలనంలో వాంగ్ వే, లీ బాయ్ ఉన్నారు, దు ఫు లేడు. దీన్ని "గుర్తించలేదు" అని అన్యాయంగా చెప్పేస్తుంటారు. దు ఫు పెద్ద పద్యాల్లో ఎక్కువ భాగం 755 తిరుగుబాటు తర్వాతివి, అవి ఆ సంకలనకర్త చేతికి వచ్చే వీలే లేదు. అలాగే 18వ శతాబ్దిలో చేసిన, ఇప్పుడు ఇంటింటా ఉన్న "తాంగ్ మూడొందలు" సంకలనంలో తాంగ్ కవి లీ హ కవిత ఒక్కటీ లేదు. దాన్నే ఆధారం చేసుకుని కవుల జాబితా వేసుకుంటే ఆయన ఉన్నట్టే మీకు తెలియదు.

40 నిమిషాలకు నా లెక్క ఇదీ. ఉత్పలమాల పాదంతో మొదలుపెట్టి ఛందస్సుకు 8. "వసంత దృశ్యం"కు 10, తగ్గించొద్దు. లీ బాయ్ పడవకు 6, వాంగ్ వేకు 6, బొగ్గు బండికి 7. మిగిలిన 3 ప్రశ్నలకు. సు షి గురించి ఎవరైనా అడిగితే అప్పుడు జియాంగ్‌చెంగ్‌జు చెప్పండి. జీవిత చరిత్రలు మానేయండి. పరీక్షలు, పదవులు, ప్రవాసాలు మొదలుపెడితే ఒక్కొక్కరికి పావుగంట పోతుంది, పద్యం మిగలదు.

మాటకు మాట అర్థం కోసం స్టీఫెన్ ఓవెన్ 2016లో తెచ్చిన దు ఫు సంపుటాలు చూడండి. ఆరు సంపుటాలు, ఎదురుగా మూలం, నెట్‌లో ఉచితం. మూలంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా నిఘంటువులో వెతికితే ఓవెన్ వాక్యం ఏ మాట నుంచి వచ్చిందో తెలుస్తుంది. మనకు కావలసిన పట్టిక అలాగే తయారవుతుంది.

ఓరుగల్లు చదువరి

పేర్ల దగ్గర ఇంకా తికమకగా ఉంది. నా దగ్గరున్న రెండు పుస్తకాల్లో లీ పో, తు ఫు, పో చూ-యి అని ఉంది. ఒకదాంట్లో రిహాకు అని కూడా ఉంది. వేరే కవులా?

రామప్ప ఇటుక

వాళ్లే. లీ పో, లీ బాయ్, రిహాకు ఒక్కడే. మొదటిది పాత రోమన్ పద్ధతి, రెండోది 1958 నుంచి చైనా వాడుతున్న పిన్‌యిన్, మూడోది జపాన్ వాళ్ల ఉచ్చారణ. పో చూ-యి అంటే బాయ్ జుయి, సు తుంగ్-పో అంటే సు షి. పాత పుస్తకాల్లో వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి, లేకపోతే సగం దొరకవు.

పలకడం విషయంలో తెలుగువాళ్లకు లాభమే. పిన్‌యిన్‌లో బి, డి అని రాసేవి నిజానికి నాదం లేని అల్పప్రాణాలు, అంటే మన ప, త లకు దగ్గర. పి, టి అని రాసేవి ఒత్తుతో పలికేవి. ఆ లెక్కన తు ఫు అన్న పాత రాతే మన నోటికి సరైన పలుకు. ఏదైనా ఒకటే పట్టుకోండి, సభలో సగం సేపు తు ఫు, సగం సేపు దు ఫు అంటే ఇద్దరనుకుంటారు.

ఇంకొకటి, పద్యాన్ని మూల లిపితో కాగితం మీద పంచాలనుకుంటే తెలుగు ఫాంట్‌లో చైనా అక్షరాలు డబ్బాలుగా పడతాయి. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి, ఫాంట్లు అందులో పొదిగి ఉన్నాయో లేదో ఇంకో ఫోన్‌లో తెరిచి చూసుకుని అప్పుడు జిరాక్స్ సెంటర్‌కు పట్టుకెళ్లండి. సగం కాగితానికి ఒక పద్యం, ఎనిమిది వరసలు, ఒక్కో అక్షరం కింద తెలుగు మాట, దాని కింద స లేదా వ. అక్షరాలు నిలువు గళ్లలో సరిగ్గా కూర్చోవాలి, ఒక్క గడి జరిగినా జోడు కనబడదు.